ఆయన వేసిన రిలే మంచిదే

పొద్దున్నే ఫోను మోగింది. మా నాటక సమాజంలో రాజు వేషాలు వేసే మిత్రుడు. "మాస్టారూ, విన్నారా? మన విసనకర్ర మేస్త్రి పోయాడంట. నిద్దట్లోనే అంటండి. తెల్లారి లేపబోతే లేవలేదంట" అన్నాడు.

అప్పుడు నేను రేపల్లెలో మా చెల్లెలింట్లో ఉన్నాను. చేతిలో కాఫీ గ్లాసు ఉంది. నిజం చెప్పాలంటే ముందు నాకు ఏడుపు రాలేదు, సిగ్గేసింది. మనిషి పోయి గంట కాలేదు, ఆయన్ని ఆ పేరుతోనే పిలుస్తున్నారు. ఆ మిత్రుడిని అనడానికేం లేదు. తెనాలిలో వ్యానున్న ప్రతివాడికీ ఆయన ఆ పేరుతోనే తెలుసు. ఆ పేరు ఆయనకు అమ్మా నాన్నా పెట్టింది కాదు, నేను పెట్టింది. అదీ ఊరికే కాదు, వేదిక ఎక్కి, మైకు ముందు నిలబడి, నాలుగొందల మంది చేత చప్పట్లు కొట్టించుకుని మరీ పెట్టాను.

ఈ నాలుగు మాటలు రాయమని నన్నెవరూ అడగలేదు. అయినా రాస్తున్నాను.

నేను బడిపంతులుగా రిటైరయ్యాను. తెనాలిలో ఒక చిన్న నాటక సమాజం నడుపుతున్నాను. హాస్య పాత్రలు నావే. నోరు దురుసు, మాట ఆగదు, ఎదుటివాడు నవ్వితే ఇంకో రెండు కలుపుతాను. మాకొక పాత డీజిల్ వ్యాను ఉంది. చేతులు మారి మారి మా దగ్గరికి వచ్చిన బండి. తెరలు, కిరీటాలు, హార్మోనియం, పదిమంది మనుషులు అందులోనే. ఎండాకాలం నాటకాల కాలం కూడా కాబట్టి, ఏసీ లేకపోతే వేషాలు దారిలోనే కారిపోతాయి. ఆ ఏసీకి జబ్బు చేసినప్పుడల్లా మాకు దిక్కు ఆ మేస్త్రి గారే. బండ్ల కరెంటు పని, ఏసీ పని ఆయనవి.

ఆయన షెడ్డులో ఒక చెక్క బల్ల ఉండేది. బండి తీసుకెళ్ళగానే బానెట్ ఎత్తేవారు కాదు. ముందు మనల్ని ఆ బల్ల మీద కూర్చోబెట్టేవారు. ఎక్కడెక్కడ తిరిగారు, వానలో తడిసిందా, సముద్రం ఒడ్డున ఎన్నాళ్ళు నిలబెట్టారు, ఆగేముందు వాసనేమైనా వచ్చిందా అని ఓపిగ్గా అడిగేవారు. డాక్టరు నాడి చూసేంతసేపు అది నడిచేది. చివర్న ఎప్పుడూ ఒకటే ప్రశ్న.

"మధ్యలో ఎవరైనా చెయ్యి పెట్టారాండీ? కొత్త తీగలేమన్నా లాగారా?"

దానికి మనం ఏం చెబితే అది నమ్మి పని మొదలుపెట్టేవారు. రెండో మాట అడగరు. ఒకసారి ఎవరో నవ్వితే, "బండి ఆయనది. ఆయన మాట నమ్మకపోతే ఇంక నేను చూసేదేంటి" అన్నారు.

పనిచేసేటప్పుడు విప్పిన మరలన్నీ టిఫిన్ బాక్సు మూతలో వరసగా పేర్చేవారు. ముందు విప్పింది ముందు, తర్వాతది తర్వాత. రెండు తీగలున్న చిన్న టెస్టు బల్బు చెవి మీద పెన్సిల్లా పెట్టుకునేవారు. ఏసీ పైపుని అరచేత్తో కాకుండా చేతి వెనక వైపుతో తాకి చూసేవారు. ఎందుకండీ అంటే, అరచెయ్యి పనిచేసి మొద్దుబారింది, వెనక వైపుకి ఇంకా సిగ్గు శరం ఉన్నాయి అని నవ్వేవారు.

నేను బల్ల మీద కూర్చుని కబుర్లు చెబుతుంటే ఆయన పని చేసుకుంటూనే రెండు ముక్కలు అనేవారు. "ఏసీ చల్లదనం తెస్తదని అందరూ అనుకుంటారండీ. అది ఏమీ తేదు. లోపలున్న వేడిని మోసుకెళ్ళి బయట పడేసిద్ది, అంతే." ఇంకోసారి, "కరెంటు ఎటు నుంచి వస్తందా అని అందరూ చూస్తారు మాస్టారూ. తిరిగెళ్ళే దారి ఎవ్వరూ చూడరు. సగం జబ్బులు ఆ దారిలోనే" అన్నారు. తిరిగెళ్ళే దారి అంటే ఎర్త్ తీగ. బండి ఒంటికి బోల్టుతో బిగించే తీగ. ఆ రోజు నేను ఈ మాట విని, బాగుంది, నాటకంలో పెట్టుకోవచ్చు అనుకున్నానే కానీ ఇంకేమీ అనుకోలేదు.

ఇక నా ఘనకార్యం చెబుతాను.

నాటకం ఉన్న రోజు ఊళ్ళో బండి తిప్పుతూ మైకులో చెప్పడం మాకు పాత అలవాటు. కరపత్రాలు పంచినా జనం రారు, మైకు వినిపిస్తే వస్తారు. రెండేళ్ళ కిందట వ్యాను మీద మైకు హారన్ పెట్టించి, ఆంప్లిఫయరుకి తీగ నేనే లాగాను. ఆయన్ని అడిగితే వద్దంటారని తెలుసు. అంతకుముందు ఒకసారి అడిగితే, "పాత బండండీ, దాని మీద బరువెయ్యకండి. కావాలంటే వేరే బ్యాటరీ పెట్టి నేను చేసిస్తాను, ఒక వారం ఆగండి" అన్నారు. వారం ఆగే రకమా నేను? బానెట్ కింద ఒక బోల్టు కనిపిస్తే వదులు చేసి, నా తీగ కొసను మెలితిప్పి దాని కింద దూర్చి, మళ్ళీ బిగించాను. మైకు ఖంగుమని మోగింది. నాకంటే గొప్ప ఇంజనీరు ఈ జిల్లాలో లేడనుకున్నాను.

అప్పటి నుంచి ఏసీ పేచీ పెట్టడం మొదలుపెట్టింది. బయల్దేరినప్పుడు బాగానే ఉంటుంది, అరగంటకు వేడిగాలి కొడుతుంది. ఆయన దగ్గరికి తీసుకెళ్ళాలి. తీసుకెళ్తే మైకు తీగ చూసి తిడతారేమోనని భయం. తిట్టే మనిషి కాదు, ఆ సంగతీ తెలుసు. అయినా బడిలో ముప్పై ఏళ్ళు పిల్లల్ని నిలదీసినవాణ్ణి, నన్ను ఎవరైనా నిలదీస్తే ఓర్చుకోలేను. అందుకని షెడ్డుకి వెళ్ళే ముందు ఇంటి దగ్గరే ఆ తీగ లాగేసి, బోల్టు గట్టిగా బిగించి, ఏమీ ఎరగనట్టు వెళ్ళి బల్ల మీద కూర్చునేవాణ్ణి.

"ఎవరైనా చెయ్యి పెట్టారాండీ?"

"అబ్బే, లేదండీ."

"కొత్త తీగలేమన్నా?"

"మీకు తెలీకుండానా?"

మూడుసార్లు అడిగారు, మూడుసార్లు ఇదే చెప్పాను. ఆయన గ్యాసు చూశారు, బెల్టు చూశారు, తీగలన్నీ బల్బు పెట్టి చూశారు. ఇద్దరం కొలకలూరు దాకా వెళ్ళి వచ్చాం. బండిలో చలేసింది. తీగ తీసేశాను కదా, ఎందుకు వేయదు! ఇంటికొచ్చి మళ్ళీ తీగ తగిలించేవాణ్ణి. మళ్ళీ వేడిగాలి. మూడోసారి ఆయన తల గోక్కుని, "అన్నీ బాగానే ఉన్నాయండీ. అనుమానం ఎందుకు, రిలే కొత్తది వేసేస్తాను" అని ఒక చిన్న నల్ల డబ్బా మార్చారు. ఏసీకి కరెంటు కలిపే స్విచ్చు లాంటిదది. ఆయన భార్య డబ్బా విప్పి అందించింది.

ఆ వారమే రేపల్లెలో నాటకం. మే నెల. ఊరంతా మైకు తిప్పి, అదే బండిలో అందరం వేషాలు వేసుకుని బయల్దేరాం. సగం దారిలో ఏసీ ఆగింది. రాజుగారి మీసం ఊడి ఒళ్ళో పడింది. రాణి వేషం వేసిన అమ్మాయి రంగు మెడ మీదికి కారింది. అందరూ నన్నే చూస్తున్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది. నామీద నాకు మండాల్సింది, ఆయన మీద మండింది.

ఆ నాటకంలో నాది సేవకుడి పాత్ర. రాజుగారికి విసనకర్రతో విసరాలి. రాజు, "ఏమిరా, ఇంత ఉక్కగా ఉన్నది?" అన్నాడు. నా మాట వేరే ఉంది. దాన్ని వదిలేసి, "ప్రభూ, తమరి రథానికి తెనాలి మేస్త్రి చేత ఏసీ బాగు చేయించాను. మూడుసార్లు విప్పి, మూడుసార్లు బిగించి, చివరికి ఈ విసనకర్ర నా చేతిలో పెట్టాడు" అన్నాను. అంతటితో ఆగానా? చెవి మీద బల్బు పెట్టుకున్నట్టు, చేతి వెనక వైపుతో రాజుగారి బుగ్గ తాకి చూసినట్టు అభినయించాను. హాలు విరగబడి నవ్వింది.

ఆయన మూడో వరుసలో ఉన్నారు. పాసు ఇచ్చింది నేనే. భార్యని వెంటబెట్టుకుని బస్సులో వచ్చారు. నాటకం అయ్యాక తెర వెనక్కి వచ్చి, "బాగా చేశారండీ మాస్టారూ. నన్ను దించేశారు" అన్నారు. నేను మొహానికి కొబ్బరినూనె రాసుకుంటూ రంగు తుడుచుకుంటున్నాను, తలెత్తలేదు. "బండి ఒక్కసారి తీసుకురండి. ఎక్కడో నాకు అందట్లేదు" అన్నారు. చూద్దాంలెండి అన్నాను. అదండీ నేను ఆయనకిచ్చిన మర్యాద.

పేరు అంటుకుంది. దుగ్గిరాలలో ఆ ముక్క మళ్ళీ చెప్పమన్నారు, చెప్పాను. చీరాలలో చెప్పాను. జనం నవ్వుతుంటే నేను మనిషిని కాను.

తర్వాత బాపట్లలో నాటకం. దారిలో మళ్ళీ అదే వేడిగాలి. తీగ తీసే తీరిక లేక, తగిలించి ఉన్న బండినే అక్కడి కరెంటు పనివాడి ముందు నిలబెట్టాను. కొత్త మనిషి, అతని దగ్గర నాకు పరువేముంది? ఎవరైనా చెయ్యి పెట్టారా అని అతనూ అడిగాడు. "ఈ మైకు తీగ నేనే పెట్టాను" అని ఠకీమని చెప్పాను. అతను వంగి చూసి, వేలితో ఆ బోల్టు కదిపాడు. వదులుగా కదిలింది.

"ఇదేనండీ జబ్బు. ఏసీ ముందుండే ఫ్యానుకి ఎర్త్ ఈ బోల్టు మీదే ఉంది. మీ తీగ దూర్చాక సరిగ్గా బిగవట్లేదు. ఫ్యాను నీరసంగా తిరిగితే వేడెటు పోయిద్ది? ఏసీ తనంతట తాను ఆగిపోయిద్ది."

నా తీగని వేరే చోటికి మార్చి ఆ బోల్టు బిగించడానికి పది నిమిషాలు కూడా పట్టలేదు. నేను ఆ ఎండలో నిలబడే ఉన్నాను. అతను చేతులు తుడుచుకుంటూ, "మీ తెనాలిలో చూపించలేదాండీ? ఆయనెవరో ఉన్నాడంటగా, విసనకర్ర మేస్త్రి" అని నవ్వాడు. నేనూ నవ్వాను. నా మొహం మండ, నేనూ నవ్వాను.

ఇక్కడితో నాకు బుద్ధి వచ్చిందని మీరు అనుకుంటే పొరపాటు. ఆ సాయంత్రం బాపట్ల వేదిక మీద ఆ ముక్క మళ్ళీ చెప్పాను. నిజం తెలిసి చెప్పాను. నాటకంలో ఆ చోటు రాగానే జనం ఎదురుచూస్తున్నారు, నాలుక దానంతటదే తిరిగింది. ఎందుకు చెప్పావురా అని నన్ను నేను ఎన్నిసార్లు అడిగినా ఇంతకుమించి జవాబు దొరకలేదు.

తర్వాత ఒక మధ్యాహ్నం ఆయన షెడ్డుకి వెళ్ళాను. చెప్పేద్దామనే వెళ్ళాను. ఆయన టీని సాసర్‌లో పోసుకుని ఊదుకుంటున్నారు. నన్ను చూడగానే మొహం విప్పారింది. సగం టీ నాకు గ్లాసులో ఉంచి ఇచ్చి, "ఏసీ ఎట్లా ఉందండీ?" అన్నారు.

"బాగుందండీ. బాపట్లలో చూపించాను."

ఆయన సాసర్ కింద పెట్టారు. నొచ్చుకున్నట్టు లేదు. కళ్ళు మెరిశాయి. "అవునా? ఏం దొరికిందండీ?" అని బల్ల మీద నా పక్కకు జరిగారు. నేను బడిలో ఎన్నో ఏళ్ళు పాఠాలు చెప్పాను కానీ, జవాబు కోసం అంత ఆశగా చూసిన మొహం నాకు గుర్తులేదు. ఆయన తన పేరు గురించి అడగడం లేదు, ఎవరిది తప్పు అని అడగడం లేదు. ఆ బండికి ఏమైందో ఆయనకి తెలియాలి, అంతే.

చెప్పేయొచ్చు. ఒక్క వాక్యం. గొంతు దాకా వచ్చింది.

"ఆ రిలేనే పోయిందంటండీ. మార్చాడు" అన్నాను.

"రిలేనా?" అన్నారు. "కొత్తదే వేశానే" అని తనలో తాను అనుకున్నారు. తర్వాత లేచి, "పోన్లెండి, చల్లగా ఉంది కదా. అదే కావాల్సింది" అన్నారు. నేను టీ తాగేసి వచ్చేశాను. తీగ మాత్రం తీసేశాను. మైకు మానేశాను. దాంతో ప్రాయశ్చిత్తం అయిపోయిందని నాకు నేను చెప్పుకున్నాను. ఆ తర్వాత ఇంకో రెండుసార్లు ఆ వీధిలోకి వెళ్ళి, షెడ్డు దాటుకుని వెళ్ళిపోయాను.

ఆయన ఏసీ పనులు మానేశారని ఆ మధ్య విన్నాను. హారన్లు, లైట్లు మాత్రం చూస్తున్నారన్నారు. వయసు మీద పడిందేమో అనుకున్నాను. అలా అనుకోవడం నాకు హాయిగా ఉంది.

ఆయన పోయారని తెలిసిన రోజే రేపల్లె నుంచి తిరిగొచ్చి వాళ్ళింటికి వెళ్ళాను. అప్పటికి అంతా అయిపోయింది. ఆయన భార్య గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. నన్ను చూసి, "అన్నయ్య గారూ, మీరంటే ఆయనకి ఎంత ఇష్టమోనండీ" అని ఏడ్చింది. నేను ఏదో అనబోయాను. ఆవిడే చెప్పుకుపోయింది.

"మీ బండి రిలే సంగతి ఆయనకి అంతుచిక్కలేదండీ. నువ్వే కదే డబ్బా విప్పి ఇచ్చావు, కొత్తదే కదా అని ఎన్నిసార్లు అడిగారో. అట్లాంటిదే ఇంకోటి తెచ్చి, పొద్దస్తమానం బ్యాటరీకి తగిలించి టకటకా వేసి తీసి చూసేవారు. ఇది పోవట్లేదే, అది ఎట్లా పోయింది, నేనే ఎక్కడో తప్పు చేసుంటాను అనేవారు. ఎవరన్నా ఏసీ పని తెస్తే, నా చెయ్యి మీద నాకే నమ్మకం లేదు, ఇంకో చోట చూపించుకోండయ్యా అని పంపేసేవారు. ఎంతమంది బతిమాలినా ఒప్పుకోలేదండీ."

నేను ఎగతాళి చేసినప్పుడు ఆయన చెక్కుచెదరలేదు. వేదిక ఎక్కి పరువు తీస్తే నవ్వుతూ వచ్చి మెచ్చుకున్నారు. నా అబద్ధమే ఆయన్ని తినేసింది. అడిగితే మాట నమ్మే మనిషి కాబట్టి, ఆ అబద్ధాన్ని కూడా నమ్మారు. నమ్మి, తన చేతిని అనుమానించారు. ఆవిడ ముందు ఆ క్షణాన నిజం చెప్పాల్సింది. ఇంటి నిండా జనం ఉన్నారు, ఇప్పుడెందుకులే అనుకున్నాను. నాకు వంకలకేం కొదవ!

పెద్దకర్మ అయిన మూడో రోజు వ్యాన్ల స్టాండులో సంతాప సభ పెట్టారు. షామియానా వేసి, ఆయన ఫోటోకి దండ వేసి, ఆవిణ్ణి ముందు కుర్చీలో కూర్చోబెట్టారు. ఇద్దరు ముగ్గురు మాట్లాడాక స్టాండు పెద్దాయన మైకు నా చేతికిచ్చి, "మాస్టారూ, మీ ముక్క ఒకసారి చెప్పండి. ఆయన గుర్తుగా" అన్నాడు. ఏ చెడ్డ ఉద్దేశమూ లేదు. నిజంగానే ప్రేమగా అన్నాడు.

"ఆ ముక్క ఇంకెప్పుడూ చెప్పను. అది అబద్ధం. బండి పాడు చేసింది నేను. బోల్టు వదులు చేసి మైకు తీగ దూర్చింది నేను. ఆయన అడిగితే లేదని బొంకింది నేను. ఆయన వేసిన రిలే మంచిదే" అన్నాను.

ఎవరో కిసుక్కున నవ్వారు. పక్కవాడు అందుకున్నాడు. ఇరవై ఏళ్ళుగా నేను మైకు ముందు నిలబడి వేసే వేషాలన్నీ ఇలాంటివే, తప్పు చేసి దొరికిపోయి గగ్గోలు పెట్టేవే. "నవ్వకండయ్యా, నిజం చెబుతున్నాను" అన్నాను. ఇంకా నవ్వారు. కళ్ళ వెంట నీళ్ళు వచ్చాయి. "అబ్బ, ఏం జీవించేస్తున్నాడ్రా" అని వెనక నుంచి మెచ్చుకోలు వినిపించింది. స్టాండు పెద్దాయన కూడా కళ్ళు తుడుచుకుంటూ నవ్వుతున్నాడు.

కాగితం మీద నా మొహం ఉండదు. అందుకే రాశాను. ఇది పత్రికలో అచ్చు కాకముందే వెళ్ళి ఆయన భార్యకి మొత్తం చదివి వినిపిస్తాను. ఆవిడ నన్ను గడప తొక్కొద్దన్నా, అది న్యాయమే.

ఈ నాలుగు రోజులుగా నాకు కంటి ముందు నుంచి పోనిది ఆ సభ. అంతమంది నవ్వుతుంటే ఆవిడ నా వైపు చూసింది. తల తిప్పి చుట్టూ ఉన్నవాళ్ళని చూసింది. ఏం జరుగుతోందో ఆవిడకి అర్థం కాలేదు. అందరూ నవ్వుతున్న చోట తానొక్కతే నవ్వకపోతే నేను చిన్నబుచ్చుకుంటాననుకుందో ఏమో, పమిట చెంగు నోటికి అడ్డం పెట్టుకుని, నన్ను చూస్తూ, మర్యాద కోసం ఆవిడ కూడా కొంచెం నవ్వింది.